సొరుగులో ఉండిపోయిన లాంతర్లు

అలెగ్జాండ్రియా,
27 మార్చి 2024, రంజాన్ పదిహేడు.

పెంచిన తల్లి ఇన్‌షిరాహ్ పిన్నికి,

నివీన్ సలాములు. నీ మోకాళ్ళూ నీ పావురాలూ కులాసాగా ఉన్నాయని తలుస్తాను. ఫోన్ మానేసి ఉత్తరమేమిటని కంగారుపడకు. ఫోన్లో అయితే అంతా నువ్వే మాట్లాడతావు.

పోయినవారం ఆఫీసులో, ఉపవాసం ఉండి కూడా, ఓడరేవు కాగితాల గురించి ఉపన్యాసం దంచుతూ పక్కసీటు క్రైస్తవుడు గిర్గిస్ డబ్బాలోని తామియా వడలు మూడూ నమిలేశాను. అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు. మరిచిపోయి తింటే ఉపవాసం చెడదమ్మా, దేవుడే తినిపించాడనుకో అని మా మేనేజర్ హాజీ షాబాన్ ఓదార్చాడు. ఈవిడకి దేవుడు తినిపించాడు, బానే ఉంది హాజీ, మరి నాకెవరు తినిపిస్తారు అని గిర్గిస్ లబోదిబోమన్నాడు.

ఆ మరుపుకి మాఫీ ఉంది. నా సొరుగుకి లేదు. రంజాన్‌కి పది రోజుల ముందే ఒక కంటైనర్ నిండా పండగ లాంతర్లు దిగాయి. వాటి కస్టమ్స్ కాగితం నేనే పంపాలి. పంపుదామని తీశాను, టీ గుర్తొచ్చింది, టీకని వెళ్ళి ప్రింటర్ బాగుచేసి వచ్చాను, కాగితం సొరుగులోనే ఉండిపోయింది. లాంతర్లు రంజాన్ పదో రోజున బయటపడ్డాయి. అప్పటికే ఊరంతా లాంతర్లు కట్టేసుకుంది. మొన్న ఆ లాంతర్ల వ్యాపారి వచ్చి, వీటిని బక్రీదుకి గొర్రెల మెడలో కట్టమంటావా తల్లీ అని అడిగాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వి, బాత్రూంలోకెళ్ళి ఏడ్చాను. ఇలాంటిది ఈ ఏడాది మూడోది, ఉద్యోగం ఊడినట్టే అనుకున్నాను.

నిన్న హాజీ గదిలోకెళ్ళి నిజం చెప్పేశాను. డాక్టరు దీన్ని ఏడీహెచ్‌డీ అన్నాడు, ఇది పొగరూ కాదు, బద్ధకమూ కాదు, నా మనసు పనిమీద నిలవదు, ఎవరైనా ఒక మాటంటే మాత్రం వారం రోజులు అక్కడే నిలుస్తుంది అన్నాను. ఆయన అరగంట విన్నాడు. ముందే చెప్పొద్దటమ్మా, గడువులన్నీ గోడమీద రాయిద్దాం, నీ కాగితాలు గిర్గిస్ ఇంకోసారి చూస్తాడు అన్నాడు.

చిన్నప్పుడు నువ్వు రొట్టెలకి పంపితే పిల్లిపిల్లతో తిరిగొచ్చి చెప్పుదెబ్బలు తినేదాన్ని. అప్పుడూ ఇదే పిన్నీ. నీమీద కోపం లేదు. కొంచెం ఉంది.

నీ
నివీన్

తా.క.: పైన అలా రాశాను గానీ, హాజీతో నేనింకా ఏమీ చెప్పలేదు, ఆయనా ఏమీ అనలేదు. రేపు పదింటికి రమ్మన్నాడు, అంతే. నిన్న మూడుసార్లు ఆయన తలుపుదాకా వెళ్ళి, స్టేప్లర్ కావాలని అడిగి వచ్చేశాను. ఇప్పుడు నా బల్లమీద మూడు స్టేప్లర్లున్నాయి. డాక్టరు కాక ఈ సంగతి తెలిసింది నీకొక్కదానికే. నువ్వు నమ్మితే ఆయనకీ చెప్పగలను. ఈ ఉత్తరం నీకు చేరేసరికి రేపు దాటిపోతుంది గనక, నమ్మావనే అనుకుని వెళ్తున్నాను.