పొగ కొనడానికి వచ్చినవాళ్ళు

10 నవంబరు 2024, ఆదివారం

మీ పొయ్యిలోంచి లేచే పొగను కొంటానని ఎవడైనా మీ గుమ్మంలోకి వచ్చాడా? రాకపోతే రేపో మాపో వస్తాడు. మా కొండ మీదికి ఇవాళే వచ్చాడు. ఆరాధన ముగిసి జనం చెప్పులు వెతుక్కుంటుంటే, టైము చూసుకున్నట్టు సరిగ్గా అప్పుడే జీపు దిగాడు.

పేరు రవికుమార్. విశాఖపట్నం నుంచి. ఏదో సంస్థలో ఫీల్డ్ ఆఫీసరు. ఊళ్ళో ముప్ఫయ్యొక్క ఇళ్ళకీ పొగ రాని ఇనప పొయ్యిలు ఫ్రీగా ఇస్తాడట. ఫ్రీ అనగానే నాకు ఏదెను తోటలో పండు గుర్తొచ్చింది. అదీ ఫ్రీయే.

ఎవరి పొయ్యిలు ఇవి అని నాలుగుసార్లు అడిగాను. నాలుగోసారికి చెప్పాడు. ఎక్కడో ఒక పెద్ద సిమెంటు కంపెనీ ఉందట. దానికి కొండంత పొగ ఉందట. మా ఇళ్ళలో తగ్గిన పొగను తన పొగలోంచి తగ్గినట్టు రాసుకుంటుందట. కార్బన్ క్రెడిట్ అంటారట. మరి వాళ్ళ ఫ్యాక్టరీ గొట్టం పొగో అన్నాను. అదీ తగ్గిస్తారండీ పాస్టర్ గారూ, స్టెప్ బై స్టెప్ అన్నాడు. ఇప్పుడు ఎన్నో స్టెప్పు మీదున్నారు అంటే మంచినీళ్ళు అడిగాడు.

నేను పాస్టర్ని కాను, ఆదివారాలు సంఘానికి వాక్యం చెబుతానంతే. అయిదో తరగతితో బడి మానేసి, వాక్యం చదువుతూ చదువుతూ అక్షరాలు గట్టిపరచుకున్నవాణ్ణి. అలా పిలిచినవాడికి నాతో ఏదో పని ఉందన్నమాట.

19 నవంబరు

పొయ్యిలు దిగాయి. ఒక్కోదానికీ నంబరు ప్లేటు. ఆధార్ కార్డు, వేలిముద్ర, పొయ్యి పక్కన ఇల్లాలి ఫోటో. నంబరు అనగానే ప్రకటన గ్రంథంలోని మృగం నా కళ్ళముందు లేచి నిలబడింది. ముప్ఫయ్యొక్క ఇళ్ళూ తిరిగి, ముప్ఫయ్యొక్క ప్లేట్లూ చూశాను. ఆ మృగం సంఖ్య, మూడు ఆరులు, ఒక్కదాని మీదా లేవు.

కొంచెం నిరాశ కలిగింది. ప్రభువా, క్షమించు.

నా వెనకాలే తిరిగిన సోంబరు, వరసకి బావమరిది, ఏటి బావా, పొయ్యిలకి బాప్తిస్మం ఇత్తన్నావా అని అందరిముందూ నవ్వాడు.

3 డిసెంబరు

మా ఇంట్లో పొయ్యి ఇంకా గోనెసంచిలోనే ఉంది. నా భార్య అంతోనమ్మ పదకొండేళ్ళుగా దగ్గుతోంది. పాడేరు డాక్టరు పొగే కారణమన్నాడు. నేను ప్రార్థన చేశాను, ఉపవాసం ఉన్నాను. పొయ్యి మాత్రం మార్చలేదు. ఇవాళ ఆమే సంచి విప్పుకుంది. మావా, నీకు సైతాను కనిపిత్తే పిలు, ఈలోగా నేను అన్నం వొండుకుంటాను అంది.

20 జనవరి 2025

అంతోనమ్మ దగ్గలేదు.

21 జనవరి

ఇవాళా లేదు.

2 ఫిబ్రవరి, ఆదివారం

ఇవాళ నా మీద అగ్ని దిగింది. విగ్రహానికి తండ్రి కట్టిన బలిపీఠాన్ని గిద్యోను ఎలా పడగొట్టాడో ప్రసంగంలో చెప్పాను. మన తల్లుల ఊపిరి తిన్న మూడు రాళ్ళ పొయ్యి కూడా అలాంటి బలిపీఠమే అన్నాను. చెప్పి ఊరుకోలేదు. గునపం పట్టుకుని బయల్దేరాను. సాయంత్రానికి ఒక్క ఇంట్లోనూ పాత పొయ్యి లేదు.

చివరిది అచ్చియమ్మ పిన్నిది. ఆమె మా సంఘంలో మనిషి కాదు. కొండదేవతకు మొక్కుతుంది. ఊరి విత్తనం మాత్రం ఆమె దగ్గరే ఉంటుంది. పొయ్యి మీద అటక, అటక కింద వరసగా మొక్కజొన్న పొత్తులు, కందికాయ గుత్తులు, పొగకి నల్లగా మెరుస్తూ. తొలకరికి అందరం ఆమె చేతినుంచే తీసుకుంటాం, పంటకి తిరిగి ఇస్తాం. గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఒరే గుంటడా, పొగ పోతే ఇత్తనానికి కాపలా ఎవుడురా, నీ దేవుడు వొచ్చి కూకుంటాడేటి అంది. పిచ్చుకల్ని కాసేవాడు గింజల్ని కాయడా పిన్నీ అన్నాను. ఆమెను పక్కకి తప్పించి లోపలికి వెళ్ళాను.

పొయ్యిల రిపేర్లకి వచ్చిన రవికుమార్ వీడియో తీశాడు. ఫెంటాస్టిక్ అన్నాడు. ఆ మాట నాకు బాగుంది. ఎందుకు బాగుందో అప్పుడే అనుమానించాల్సింది.

29 మే, గురువారం

వాన పడింది. అచ్చియమ్మ కబురు పంపింది.

పొత్తు కిందికి దించుతుంటే పిండి రాలింది. ఇంకోటి దించితే ఇంకా పిండి. గింజ గింజకీ చిల్లు. చిల్లులోంచి ముక్కుపురుగు నింపాదిగా బయటికొచ్చి నన్ను చూసింది. కందులు దోసిట్లోకి తీసుకుంటే బరువే లేవు. నాలుగు నెలలుగా అటకకి పొగ తగల్లేదు. ముప్ఫయ్యొక్క ఇళ్ళ విత్తనం.

ఆమె తిట్టలేదు. ఒక పుచ్చు పొత్తు నా చేతిలో పెట్టింది. నీ ప్రసంగానికి ఇదేరా ఆమెన్ అంది.

సైతానును నంబరు ప్లేట్లలో వెతికాను. ఫోటోల్లో, వేలిముద్రల్లో వెతికాను. గునపం పట్టుకున్న చేతిలో మాత్రం వెతకలేదు.

30 మే

గునపాన్ని ఇంటి వెనక పడేశాను.

2 జూన్, సోమవారం

రవికుమార్ వచ్చాడు. అయిదో తారీఖున ఆడిటర్ మేడమ్ వస్తోందట. ముప్ఫయ్యొక్క ఇళ్ళలోనూ కొత్త పొయ్యి మీదే వంట, పాతది ఎక్కడా లేదు అని నేను సాక్ష్యం చెప్పాలట. మీ మాటంటే ఊరికి గురి కదండీ అన్నాడు.

విత్తనం పోయిన మర్నాడే పదమూడు ఇళ్ళలో మూడు రాళ్ళు మళ్ళీ లేచాయి. అతనికీ తెలుసు. ఆ ఒక్కరోజుకి బూడిద ఎత్తించేయండి, అబద్ధం ఆడక్కర్లేదు, అడగనిది చెప్పకపోతే చాలు అన్నాడు. సర్పం కూడా అంత మృదువుగానే మాట్లాడి ఉంటుంది. మన చర్చి రేకులు కారుతున్నాయి కదండీ, కంపెనీ చూసుకుంటుందిలెండి అని కూడా అన్నాడు.

పోతూ పోతూ అసలు మాట అన్నాడు. రిపోర్టు తేడా వస్తే ప్రాజెక్టు మూసేస్తారు, రిపేర్లు ఆగిపోతాయి. మా పొయ్యి లోపల నిప్పు ఉండే గిన్నె అప్పటికే పగిలి ఉంది. కొత్తది అతని జీపులో ఉంది. చూపించాడు. ఇవ్వలేదు.

అంటే నేను నిజం చెబితే అంతోనమ్మకి దగ్గు.

4 జూన్

ఆమెకు చెప్పాను. పొయ్యి ముందు కూర్చుని విని, నా దగ్గు అడ్డం పెట్టుకుని అబద్ధం ఆడకు మావా, ఆడితే ఆ దగ్గు నీకే తగులుకోవాల అంది. తర్వాత, బేగి తిను, సల్లారిపోతంది అంది.

అబద్ధ సాక్ష్యం పలకకూడదనే తొమ్మిదో ఆజ్ఞను నేను ఎంతమందికి నేర్పానో లెక్కలేదు. ఇవాళ అది నాకు నేర్పినది ఒక్కతే.

5 జూన్, గురువారం

ఆడిటర్ పేరు సిల్వియా. సన్నగా ఉంది, పెద్ద టాబ్లెట్ పట్టుకుంది. పర్యావరణ దినోత్సవం బ్యానరు కింద రవికుమార్ నన్ను నిలబెట్టాడు.

చెప్పేశాను. పదమూడు ఇళ్ళలో పాత పొయ్యిలు ఉన్నాయన్నాను. పడగొట్టించింది కంపెనీ కాదు, నా నోరు అన్నాను. కానీ విత్తనం ఎక్కడ ఆరబెడతారు అని ఏడు నెలల్లో ఒక్క అధికారీ అచ్చియమ్మను అడగలేదు, అదీ రాయండి అన్నాను. పుచ్చు పొత్తు ఆమె టాబ్లెట్ మీద దులిపాను. రవికుమార్ మొహం కూడా ఆ పిండి రంగుకే తిరిగింది.

అప్పుడు నేనే ఆడిట్ మొదలుపెట్టాను. మా పొయ్యి చూడ్డానికి ఇంత దూరం వచ్చారు, వాళ్ళ గొట్టం కింద నిలబడి ఫోటో తీసిందెవరు? వాళ్ళ పాత పొయ్యి పగలగొట్టారా అని వాళ్ళని అడిగిందెవరు? అది నా స్కోప్ కాదండీ అంది. గొంతు తగ్గించి అంది. ఆమెకూ ఆ ప్రశ్న కొత్త కాదనిపించింది.

అచ్చియమ్మ వెనకనుంచి ముందుకొచ్చింది. అమ్మా, వొంటకి నీ పొయ్యి మంచిదే, నా కోడలు అంతోనమ్మ దగ్గు మానేసింది, నాను సూసినాను అంది. ఊరికంతకీ ఇత్తనాల పాక ఒకటి ఏసుకుంటాం, అందులో ఒక్క పొయ్యి, దానికి మట్టుకు పొగ ఉంటాది, ఆ మాట రాసుకో, మిగతా పొగ మీ సిమెంటోడు తన ఇంటికాడ ఆర్పుకోవాల అంది. నా ఇరవయ్యేళ్ళ ప్రసంగాల్లో ఇంత సూటిగా నేనెప్పుడూ చెప్పలేదు.

సిల్వియా వేలు టాబ్లెట్ మీద చాలాసేపు కదిలింది. ఏం రాసిందో నాకు చూపించలేదు. గిన్నె మాత్రం జీపులోనే వెళ్ళిపోయింది.

7 జూన్

అంతోనమ్మ రెండుసార్లు దగ్గింది. లేచి వెళ్ళి పగిలిన గిన్నెకి బంకమట్టి మెత్తాను. నిలుస్తుందో లేదో.

సోంబరు అత్తవారి ఊరికి ఏ కంపెనీ కన్నూ ఇంకా పడలేదు. అక్కడినుంచి ఒక బుట్ట మోసుకొచ్చాడు. పొత్తులు బొగ్గులా ఉన్నాయి. ఒకటి ఒలిచి చూశాను. గింజ గట్టిగా ఉంది. ఊరంతకీ చాలదు. పావు వంతు వస్తుందేమో. ఇంకెప్పుడూ ప్రసంగం సెయ్యకు బావా, అక్కడినుంచి ఇక్కడికి దూరం ఎక్కువ అన్నాడు.

8 జూన్, ఆదివారం, పొద్దున్నే

ఇవాళ ప్రసంగం లేదు. అదే గునపంతో పాకకి గుంటలు తవ్వాను. అచ్చియమ్మ చూపిన చోట మూడు రాళ్ళు నేనే మోసి పెట్టాను. నిప్పు ఆమె పెట్టింది.

నేల తడిగా ఉంది, మధ్యాహ్నానికి ఆరిపోతుంది. లేవండి, బుట్ట చుట్టూ చేరండి, ఉన్నది పంచుకుని చల్లండి. ఓ సిమెంటు అయ్యా, నువ్వూ లేవయ్యా. మా పొయ్యిలు లెక్కపెట్టింది చాలు, నీ గొట్టం దగ్గరికి నడు. రేపు కాదు. ఇవాళే.