నా నుంచి పాపకు ఏమి చేరింది

మే 9
జ్వరం తగ్గలేదు. పొద్దున కాఫీ గ్లాసు ముక్కు దాకా తెచ్చుకున్నాను — ఏ వాసనా లేదు. అమ్మ మల్లెపూలు తెచ్చిచ్చింది. అవీ అంతే. జ్వరం కన్నా ఇదే వింతగా ఉంది. కడుపులో బిడ్డ మాత్రం ఎప్పటిలాగే తంతోంది. దానికి వాసనలు తెలుస్తాయా?

మే 10
కరోనా పాజిటివ్. పాకాల నుంచి తిరుపతికి కారులో, అద్దాలన్నీ దించి. నాయన ముందు సీట్లో. దారంతా వెనక్కి తిరగలేదు గానీ అడుగుతూనే ఉన్నాడు — "ఊపిరాడతా ఉండాదా మే?"

మే 11
పక్క మంచం ఆమెది ఐరాల. ఆమెకూ తొమ్మిదో నెలే. "అందర్నీ బోర్ల పడుకోమంటా ఉండారు. మనకి కడుపు అడ్డం కదక్కా" అని నవ్వింది. నవ్వితే దగ్గు.

డాక్టరమ్మను అడిగాను. ఇది కడుపులోకి పోతుందా? చాలామందికి పోదట, అరుదుగా పోవచ్చట. ఎందుకు పోదు, పోతే ఎలా పోతుంది... అడిగేలోపే ఆమె చివరి మంచం దగ్గర ఉంది.

మే 12
ఆక్సిజన్ పడిపోతోంది. ఆపరేషన్ అంటున్నారు. మా ఆయన చిత్తూరులో బయల్దేరారు. భయంగా ఉంది. రాయలేను.

మే 14
ఆడపిల్ల. ఇంకా చూడలేదు. నెలలు నిండకముందే తీశారు కాబట్టి పసిపిల్లల గదిలో వెచ్చగా పెట్టారట. నర్సు ఫోన్‌లో ఫొటో చూపింది. ముడుతల మొహం, అందరి మీదా కోపం. అచ్చం మా అత్త.

మే 16
పాపకు నెగటివ్. మాస్కు పెట్టుకుని, చేతులు కడుక్కుని పాలివ్వచ్చన్నారు. ఎత్తుకున్నాను. ఎంత తేలిక! మాస్కుతోనే తల మీద ముక్కు ఆనించాను. ఏమీ తెలియలేదు. అమ్మకు ఫోన్ చేసి, పసిపిల్లల వాసన ఎలా ఉంటుందని అడిగాను. "పాల వాసనే మే, ఇంకేముంటాది."

మే 23
ఇల్లు చేరాం. నేను వెనక గదిలో. పాపకు నీళ్ళు అమ్మే పోస్తుంది, పాలకు నా దగ్గరికి తెస్తుంది, మళ్ళీ తీసుకుపోతుంది.

మే 25
పాప దగ్గింది.
మళ్ళీ దగ్గింది... నా మాస్కు జారిందా? ఎప్పుడు? ఈయనకు ఫోన్ చేస్తే, "ఆ టెస్టు తప్పేమో" అన్నారు. ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది.

మే 26
దగ్గు ఆగలేదు. మళ్ళీ తిరుపతి. పిల్లల డాక్టరు పాప మీదికి వంగి, తలెత్తి అమ్మను చూశారు. "సాంబ్రాణి ఏస్తా ఉండారా?"

"రోజూ నీళ్ళు పోసినాక ఏస్తా సార్. ఆ రోగం బిడ్డ దగ్గిరికి రాకూడదని యాపాకు కూడా ఏసి, ఎక్కువ పొగ పట్టినా."

గాలి తగలకూడదని తలుపులు కూడా మూసిందట. మాస్కులోంచి ఆయనకు తెలిసిన వాసన, రోజూ ఒళ్ళో పెట్టుకున్న నాకు తెలియలేదు. అమ్మ మీద కోపం వచ్చింది. అమ్మ ఏడ్చేసరికి అదీ పోయింది. అనుమానం దేనికని మళ్ళీ పరీక్ష చేశారు. నెగటివే.

వదలకుండా అడిగాను. నా నుంచి దీనికి ఏమి చేరింది? "మీ ఒంట్లో తయారైన రక్షణ కొంత చేరుండచ్చు. పెద్దయ్యాక ఏమన్నా తేడా ఉంటాదా అంటే ఇప్పుడే చెప్పలేమమ్మా. ఇట్లాంటి పిల్లలంతా ఇంకా పసివాళ్ళే కదా." తెలియదని ఒప్పుకున్న డాక్టరును ఇదే చూడటం. నచ్చారు. వచ్చే నెల పాపకు వినికిడి పరీక్షకు రమ్మన్నారు. పుట్టిన పిల్లలందరికీ చేసేదేనట, ఈ గొడవలో మాకు మిగిలిపోయింది.

మే 28
పొగ లేదు, దగ్గు తగ్గింది. అమ్మ పాప తల తుడిచి, తుడిచిందే తుడుస్తోంది. "పొగ లేకుంటే ఈ తడి ఎట్ల ఆరతాది?" అని గొణుగుడు.

మే 30
మధ్యాహ్నం గాలికి వెనక తలుపు ఢామ్మని పడింది. నేను ఉలిక్కిపడ్డాను. అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. పాప కదల్లేదు.

నిద్ర కాబట్టా... కడుపు నిండింది కాబట్టా. అమ్మ పాప వైపు ఒకసారి చూసి, తలుపుకు గొళ్ళెం పెట్టింది.

ఇప్పుడు మేలుకుంది. మొహం గోడ వైపు ఉంది, కాళ్ళు ఆడిస్తోంది. వార్డులో కనపడిన వాళ్ళందరినీ ఏదో ఒకటి అడిగినదాన్ని, దీన్ని అడగటానికి భయపడుతున్నాను. ఇక్కడినుంచి చిన్నగా పిలిస్తే చాలు, వినపడుతుందో లేదో తెలిసిపోతుంది.

నోరు తెరిచాను...