అగాతమ్మ పళ్ళెం

రావల్కోల్,
జనవరి 19

ప్రియమైన పెంటమ్మా,

నా రాత కోడిగీతలు. తప్పులుంటే నవ్వుకో, మన బిడ్డ రోజీకి మాత్రం చూపించకు. ఫోన్ చేస్తే అది పక్కనే ఉంటది, నాకు నోరు పెగలదు. అందుకే రోజూ మీ దిక్కు పాలు పోయవచ్చే బాలేష్ చేతికి ఈ కాగితం ఇస్తున్న.

రెండు రోజులని రోజీ ఇంటికి పోయినవు. రెండు వారాలాయె. ఏదో పరీక్ష అన్నవు, ఏం పరీక్షో చెప్పవైతివి. నేను చర్చి ఊడుస్తుంటే పక్కింటి వజ్రమ్మ గేటు దగ్గర నిలబడి, "ఏందన్నా, వదిన అలిగి పోయిందా?" అంటాంది.

ఫిబ్రవరి అయిదున పునీత అగాతమ్మ పండుగ. ముప్పై ఏండ్లుగా ఆమె బొమ్మ తుడిచేది నేను. ఆ బొమ్మ చేతి పళ్ళెంలో ఉన్నట్టే, ఇంటికి రెండు గుండ్రటి బెల్లం రొట్టెలు చేసి పంచేది నువ్వు. పిండి పట్టించి పెట్టిన. రా.

నీ దానియేలు


పేట్ బషీరాబాద్,
జనవరి 24

ప్రియమైన రోజీ నాయినకు,

అలగలేదని వజ్రమ్మకు చెప్పు. నా ఎడమ రొమ్ములో గడ్డ ఉంది. క్యాన్సరంట. రొమ్ము మొత్తం తీసేస్తే బతుకుతానని డాక్టరమ్మ అంటాంది. రోజీ నా కాళ్ళు పట్టుకొని ఏడ్చింది. నేను ఒప్పుకోలేదు.

ముసలిదానికి సిగ్గేంది అనకు. నీ ముందర కూడా కొంగు జారనియ్యని దాన్ని. సగం మనిషినై నీ ఇంట్లో ఎట్ల తిరగాలె?

పండుగకు వస్తున్న. రొట్టెలు నేనే చేస్త. ఇగ ఈ సంగతి ఎత్తకు.

నీ పెంటమ్మ


రావల్కోల్,
జనవరి 27

ప్రియమైన పెంటమ్మా,

నీ ఉత్తరం జేబులో పెట్టుకొని బొమ్మ ముందర కూర్చున్న. కొత్త ఫాదర్ వచ్చి, "ఏంది దానియేలూ?" అన్నడు. నీ సంగతి చెప్పలేక, "అగాతమ్మ చేతిలో రొట్టెలెందుకు ఫాదర్?" అని అడిగిన. ఆయన నన్ను చూసి, బొమ్మను చూసి, మెల్లగా చెప్పిండు.

పెంటమ్మా, అవి రొట్టెలు కావు. ఆమె రొమ్ములు. ఈ మాట ఎన్నడూ నోటితో అనలేదు, ఇప్పుడు రాస్తున్న. ప్రభువును విడవలేదని ఒక అధికారి కోయించిండంట. "నువ్వు తల్లి పాలు తాగలేదా, నీకు సిగ్గు లేదా?" అని అడిగిందంట ఆమె. సిగ్గు వాడిది, ఆమెది కాదు.

ఇన్నేండ్లు మనం ఎవరినీ అడగలేదు. ముందున్న ఫాదర్లు కూడా తిని బాగున్నయన్నరు.

ఆమె దాచుకోలేదు. పళ్ళెంలో పెట్టుకొని తలెత్తి నిలబడ్డది. ముప్పై ఏండ్లు దుమ్ము తుడిచిన. ఒక్కనాడు కూడా ఆమె సగం మనిషిలాగ కనబడలేదు. నువ్వెట్ల కనబడతవు?

నిన్న ఒక రొట్టె చేసి చూసిన. మాడింది. "గిది కుక్క గూడ తినదన్నా" అన్నది వజ్రమ్మ. నువ్వు బతకాలె. ఇంతకన్న నాకు రాయరాదు.

నీ దానియేలు


పేట్ బషీరాబాద్,
జనవరి 30

ప్రియమైన రోజీ నాయినకు,

నీ ఉత్తరం రోజీకి చూపించిన. కోపం చేసుకోకు. కోడిగీతలు చూసి నవ్వింది, చదివి ఏడ్చింది.

దవాఖాన కాగితం మీద సంతకం పెట్టిన. ఆపరేషన్ పండుగనాడే. చర్చి తాళం వజ్రమ్మకిచ్చి పొద్దున్నే బస్సెక్కు. తెల్ల అంగీ వేసుకో.

రొట్టెలు మాడినా సరే, ముందురోజే చేసి ఇంటికి రెండు పంచు. నాకు మాత్రం ఒక్కటే తే. కళ్ళు తెరిచినంక తింట.

పండుగకు ఇంకా ఆరు రోజులున్నయి. అంతలోపు ఇంకో కాగితం బాలేష్ చేతికియ్యి, జల్దీ.

నీ పెంటమ్మ