తాడ్వాయి గాలి, హనుమకొండ గల్లా

తాడ్వాయి అడవి బంగళా,
డిసెంబర్ 1978

చి.ల.సౌ. శకుంతలకు నీ భర్త వీరభద్రం ఆశీర్వదించి వ్రాయునది.

క్షేమంగా చేరాను. బీపీకి డాక్టరు అడవి గాలి ఎందుకు రాశాడో ఇక్కడికొచ్చాక తెలిసింది. చుట్టూ టేకు చెట్లు, పక్షుల పాట. హారన్లు లేవు, బేరాల గొడవ లేదు. నెల్లాళ్లుంటానని బజారంతా చెప్పి దండలు వేయించుకుని వచ్చినందుకు గర్వంగా ఉంది. ఈ ఉత్తరం దుకాణంలో పదిమందికీ వినిపించు. గల్లా దగ్గర మాత్రం గుమాస్తా యాకయ్యనే కూర్చోబెట్టు. స్టీలు సామాన్ల వ్యాపారం ఆడవాళ్లకు చేతకాదు.

ఇట్లు,
వీరభద్రం

తా.క. పక్షులు తెల్లారకముందే మొదలుపెడతాయి. ఆపమని ఎవరికి చెప్పుకోవాలో తెలియడం లేదు.

* * *

హనుమకొండ

పూజ్యులైన శ్రీవారికి శకుంతల నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. మీ ఉత్తరం దుకాణంలో చదివి వినిపించాను. బిందె కొనడానికి వచ్చిన మొగిలమ్మ, "సేటు నసీబున్నోడమ్మా, మనకేడ దొరుకుతది ఆ గాలి!" అన్నది. యాకయ్య గల్లా దగ్గర కునుకు తీస్తున్నాడు, అందుకని నేనే కూర్చుంటున్నాను. మీరు ఫికర్ పెట్టుకోకండి.

ఇట్లు,
మీ శకుంతల

తా.క. అరిచేవాళ్లు లేక గిరాకీలు కాసేపు కూర్చుని మరీ కొంటున్నారు.

* * *

తాడ్వాయి

శకుంతలకు ఆశీస్సులు.

అడవిలో మనిషికి అహంకారం కరిగిపోతుంది. కోరికలు తగ్గిపోతాయి. నాకు రెండూ జరిగాయి. అయినా నేను లేనిదే దుకాణం నడవదని తెలుసు. మొహమాటపడకుండా పిలువు, వస్తాను.

ఇట్లు,
వీరభద్రం

తా.క. కోతులు నా సబ్బూ పంచెలూ ఎత్తుకుపోయాయి. దుప్పటి చుట్టుకుని రాస్తున్నాను. వరండాలో ఎలుగుబంటి పడుకుంటున్నది. వాచ్‌మన్ కట్టయ్యను అడిగితే, "అది రోజూ వచ్చేదే సేటూ, మీరే కొత్త" అంటాడు.

* * *

హనుమకొండ

శ్రీవారికి నమస్కారాలు.

మీ అహంకారం కరిగిందని చదవగానే దుకాణంలో అందరి కళ్లూ చెమర్చాయి. ఇక్కడ మీ అవసరం ఏమీ లేదు. పెళ్లినాటి నుంచి ఉన్న నా తలనొప్పి కూడా పోయింది. అడవి గాలి ఇంత దూరం పనిచేస్తుందని డాక్టరుకే తెలియదట! బజారు పెద్దలు ముచ్చటపడి బంగళా మీకు ఇంకో నెలకు రాయించారు.

ఇట్లు,
మీ శకుంతల

తా.క. పక్క దుకాణం కిషన్ రావు గారి భార్య ఆయన్ను కూడా అడవికి ఎప్పుడు పంపించాలా అని ఆలోచిస్తున్నది.

* * *

తాడ్వాయి

శకుంతలా!

అడవి గొప్పదే. గొప్పవాటిని ఒక్కరమే ఎక్కువ కాలం అనుభవించడం స్వార్థం. దుకాణంలో ఏదైనా ఇబ్బంది ఉంటే వెంటనే రాయి.

ఇట్లు,
వీరభద్రం

తా.క. లేకపోతే ఏదో ఒక ఇబ్బంది కల్పించు. పిలవకుండా వస్తే బజారంతా నవ్వుతుంది. నాకు ఏడుపొస్తున్నది.

* * *

హనుమకొండ

శ్రీవారి పాదాలకు శకుంతల కన్నీటితో వ్రాయునది.

మీరు లేక దుకాణం ఒక్క అడుగు ముందుకు పడడం లేదు. గల్లా దగ్గర కూర్చోవడం నావల్ల కావడం లేదు. ఈ ఉత్తరం చూసిన వెంటనే బయలుదేరండి.

ఇట్లు,
మీ శకుంతల

తా.క. పైదంతా మీరు బజారుకు చూపించుకోవడానికి. మీ తాజా కలాలన్నీ మొదటి నుంచీ చదివాను. దుకాణంలో మాత్రం సంతకం దాకా చదివి మడిచేశాను, మీ పరువు పోతే నాది కాదా? ఈ ఉత్తరంతో పాటు యాకయ్య పంచె కూడా తెచ్చాడు. ఇకమీదట గల్లా నాది, సరుకు మీది. సరేనన్నాకే పంచె ఇమ్మని చెప్పాను.