ఖాళీ పిడికిలి

నంద్యాల

ఆళ్లగడ్డలో ఉన్న ఏలియా బావకు వందనాలు.

నువ్విచ్చిన కుక్కపిల్ల మహా తెలివైనది. రొట్టె ఉందని ఖాళీ పిడికిలి చూపించి పిలిస్తే మూడుసార్లు వచ్చింది. నాలుగోసారి మంచం కిందికి దూరింది. నా సంగతి ఇంతమాత్రం తెలుసుకోవడానికి నీ చెల్లెలికి ఇరవై ఏళ్లు పట్టింది.

“కుక్కపిల్ల గూడా నిన్ను నమ్మకపాయ. మాయన్నను రమ్మంటా, దీన్ని తోలుకపోతాడు,” అంది ఆమె.

ఆ రోజు నుంచి పిలిచినప్పుడల్లా నిజంగానే జొన్నరొట్టె ముక్క పెడుతున్నాను. ఇది చూసి వీధిలోవాళ్లు నాకు జ్వరమొచ్చిందా అని అడుగుతున్నారు.

నిన్న రొట్టె అయిపోయాక ఊరికే చేయి చాచి కూర్చున్నాను. అది వచ్చి ఖాళీ అరచేతిలో గడ్డం ఆనించి నిద్రపోయింది. తిమ్మిరెక్కినా చేయి తీయలేదు.

దాన్ని తీసుకుపోవడానికి శనివారం వస్తానన్నావట. రా బావా. ఇద్దరం చెరోవైపు నిలబడి పిలుద్దాం. నా చేతిలో ఏమీ ఉండదు. నువ్వు మాత్రం రొట్టె తెచ్చుకో.

ఇట్లు,
నీ చెల్లెలి మొగుడు