మొగలిదిబ్బకు నేను స్థానికుడను కాను

తీరప్రాంత సుందరీకరణ సంఘం కార్యదర్శి గారి సముఖమునకు

(తేదీ వేస్తే గడువు దాటినదనీ, చోటు వ్రాస్తే పరిధి కాదనీ తిప్పిపంపే అలవాటు తమ కార్యాలయానికి ఉన్నందున రెండూ వ్రాయలేదు.)

అయ్యా,

విషయం: మొగలిదిబ్బ సముద్రతీరపు ఇసుకదిబ్బల నిర్వహణలో ‘స్థానిక ప్రతినిధి’గా నేను చేసిన సంతకమును రద్దుపరచి, అసలు స్థానికులను కూర్చోబెట్టుట గురించి.

1. నేను మొగలిదిబ్బలో పుట్టిన మాట నిజము. 1961లో ఆ ఊరు విడిచి, నగరంలో తెలుగు బోధించి, అశోక్‌నగర్‌లో స్థిరపడిన మాట అంతకంటె నిజము. ఊరివారిని పిలిపిస్తే ఆలస్యమగునని, నారాయణగూడలోని తమ కార్యాలయానికి నడిచి రాగల దూరంలో ఉన్నానన్న ఒక్క అర్హతతో గత ఏడాది నన్ను ప్రతినిధిని చేసినారు. శాలువా కప్పినారు. నేనూ పొంగిపోయినాను. ఆ తప్పు నాది.

2. తీర్మానం చదివి సంతకం చేస్తానంటే తమ బంట్రోతు బాలకిషన్, “ఏంది సార్, పరీక్ష పేపర్లు దిద్దుతున్నరా? జర సంతకం పెట్టుండ్రి, చాయ్ సల్లగైతది” అన్నాడు. తమరు నవ్వినారు. సంతకం పెట్టినాను. ఆ నవ్వు నాకు జ్ఞాపకమున్నది.

3. ఊరి ఆడవారు దిబ్బమీద నడకదారిని తిన్నగా వేయరు. గాలి దిబ్బను చీల్చకుండా వంకరగా వేస్తారు. ఏటేటా చోటు మార్చి, పాత దారిలో ఇసుక కదలకుండా తీగ నాటుతారు. ఆ దిబ్బ అడుగున తోడుకొనే చెలమనీరే మూడు వందల గడపలకు మంచినీరు. కారులోంచే సముద్రం కనిపించవలెనని తమ ఇంజనీరు నా సంతకం చూపి దిబ్బను సగం కోసి తిన్నని రోడ్డు వేసినాడు. మొన్నటి తుఫానుకు ఆ రోడ్డు వెంటే సముద్రం వచ్చి చెలమలో దిగినది.

4. నా మేనత్త కూతురు బుల్లెమ్మ ఆ నీటిని సీసాలో పట్టుకొని రైలెక్కి వచ్చి, మా గుమ్మంలోనే నిలబడి, “తాగు బావా. నీ సంతకమే కదా, రుచి చూడు” అన్నది. త్రాగినాను. ఒట్టి ఉప్పు. “చిన్నప్పుడు దిబ్బమీద అడ్డంగా పరిగెత్తావని మా అమ్మ నీ వీపు విమానం మోత మోగించిందే! సంతకం పెట్టేముందు ఆ దెబ్బలైనా గుర్తురాలేదా?” అన్నది.

5. మిగిలిన సగం దిబ్బను కోయుటకు వచ్చే మంగళవారం సమావేశము. స్థానిక ప్రతినిధి సంతకం లేనిదే తీర్మానం చెల్లదని తమ నియమావళిలోనే ఉన్నది. మా మేడమీద అద్దెకుండి పోటీపరీక్షలకు చదువుచున్న శ్రీదివ్య సమాచార హక్కు క్రింద దాని నకలు తెప్పించినది. నేను సంతకం పెట్టను. నా స్థానంలో బుల్లెమ్మను ప్రతిపాదించుచున్నాను. రోడ్డును పూడ్చి, దిబ్బను ఊరి ఆడవారికి అప్పగించనిదే ఆమె వేలిముద్ర తమకు దొరకదు. ఆమెతో పందొమ్మిదిమంది వచ్చి మా ఇంట దిగియున్నారు. చెలమనీరు బిందెతో తెచ్చుకొన్నారు. తమకూ ఒక గ్లాసు పోయుదురు.

వీరిలో చాలామందికి చదువు రాదు. కావున ఈ అర్జీని ఆ సభలో గుమస్తాకు అప్పగించక, తమరే లేచి నిలబడి, ‘అయ్యా’ మొదలుకొని నా పేరు వరకు బిగ్గరగా చదువవలెనని కోరుచున్నాను. చిత్తగించవలెను.

ఇంతవరకు తమ విధేయుడు,
వీరరాఘవరావు,
విశ్రాంత తెలుగు పండితుడు

తా.క.: మూడవ అంశం దగ్గర గొంతు తగ్గించవద్దు. బుల్లెమ్మకు ఒక చెవి వినబడదు. “వినపళ్ళేదు బాబూ, మళ్ళీ చదువు” అంటుంది. మళ్ళీ చదువవలెను.