కుక్కరు విజిల్ ఎక్కడ దాచానంటే

బావా,

నువ్వు లేచేసరికి నేను నౌపడ రైల్లో ఉంటాను. అమ్మని సూసి రేపు వొచ్చేస్తాను. అన్నం వండీసినాను. కానాగంతల చేపల పులుసు దాకలో ఉన్నాది, వెచ్చబెట్టుకో.

పప్పు మాత్రం లేదు. కుక్కరు విజిల్ పీకి నీ బుల్లి ఆవిరి ఇంజను బాయిలరు మీద పెట్టుకున్నావు కదా, మరి పప్పెలా ఉడుకుతాది? అడిగినప్పుడల్లా "అది సేఫ్టీ వాల్వే, నీకేటి తెలుస్తాది" అంటావు. అందుకే ఇందాక షెడ్డులోకెల్లి దాన్ని తీసి దాచీసినాను.

సాయంత్రం ఇంజను తిప్పి సూపిస్తానని వీధంతా పిలిసినావంట, కూర్మమ్మత్త సెప్పింది. విజిల్ లేదని ఆ కన్నంలో పుల్ల గాని గుడ్డ గాని కుక్కినావో, బాయిలరు పేలిపోతాది. తరవాత నేను పేలతాను.

విజిల్ ఇంట్లోనే ఉన్నాది. దొడ్లో నిన్నటి అంట్లు కావాలనే తోమకుండా వొదిలీసినాను. వాటిల్లో ఒక గిన్ని అడుగున ఉంటాది. ఏ గిన్నో సెప్పను. ఒక్కొక్కటీ తోముకుంటూ ఎల్లు, దొరుకుతాది.

కొత్త బండి కదా అని చక్రం కింద నిమ్మకాయ పెట్టీకు. నీ చక్రం కన్నా నిమ్మకాయే పెద్దది.

తిరగడం మొదలెట్టగానే ఫోను చేసి ఇంజను దగ్గర పెట్టు. మా ఆయన లేతు మిషను మీద సొంతంగా ఇంజను సేసినాడని అమ్మకి ఎప్పుడో సెప్పీసినాను. ఆ చప్పుడు ఇద్దరం వింటాం.

హేమ

మర్చిపోయాను. వొచ్చినోళ్ళకి టీ ఇయ్యాల కదా. గ్లాసులన్నీ ఆ అంట్లలోనే ఉన్నాయి.